అత్తగారింటి తోవ

పదవీ విరమణ చేసిన తెలుగు పంతులును పాత విద్యార్థులు రెండు పనులకు తలచుకుంటారు. ఒకటి, శుభలేఖలో తప్పులు దిద్దించుకోవడానికి. రెండు, ఏదైనా ఆంగ్లపదానికి తెలుగు మాట అడగడానికి. 2024 ఏప్రిల్‌లో దేవరకొండలోని మా ఇంటికి వచ్చిన నలుగురు శిష్యులు రెండవ పని మీద వచ్చారు. ‘ఆఫ్‌రోడింగ్ అనే మాటకు తెలుగులో ఏమనాలి సార్?’ అన్నది వారి ప్రశ్న. నాలుగు చక్రాలకూ బలం అందే జీపులు వేసుకొని, తారు రోడ్డు వదలి, రాళ్లలోను గుట్టలలోను నడపడం ఈ కాలపు యువకులకు ఒక వినోదమట. రాత్రికి గుడారాలు వేసుకోవడం కూడా అందులో భాగమేనట.

అలవాటు చొప్పున అమరకోశం తీశాను. చెడ్డదారికి అమరసింహుడు వ్యధ్వము, దురధ్వము, విపథము, కదధ్వము, కాపథము అని ఐదు పర్యాయపదాలు చెప్పాడు. అసలు దారి కానిదానిని అపథము అన్నాడు. ‘అపథవిహారం’ అందామా అంటే, ఆ మాట వినగానే నడవడి చెడినవాడెవడో కళ్ల ముందు మెదులుతాడు. వాడుక తెలుగులోనూ అంతే. దారి తప్పినవాడు, తోవ తప్పినవాడు అన్నామంటే వాడికి పిల్లనివ్వరని అర్థం. దారి విడవడాన్ని సరదాగా భావించిన మాట మన భాషలో నాకు దొరకలేదు. ఆ సంగతే చెబితే, ‘అయితే మీరూ రండి సార్, చూసి మాట పుట్టించండి’ అన్నారు. వస్తువును చూడకుండా పేరు పెట్టడం పండితులకు తగదు కదా. ఒప్పుకున్నాను.

మా ప్రయాణం నల్లమలకు, చైత్ర పౌర్ణమి నాటి సలేశ్వరం జాతరకు. ఐదు వాహనాలు, పదహారుగురు మనుషులు. వారిలో ఒకడు అచ్చంపేటలో మెకానిక్కు. తరగతిలో ఛందస్సు ఒంటబట్టలేదు గాని యంత్రం గుండెచప్పుడు వినగలడు. మరొకడు బెంగళూరులో కంప్యూటరు ఉద్యోగి. మిగిలినవారు వారి వారి స్నేహితులు. అరవై దాటినవాణ్ణి నేనొక్కణ్ణే. దేవరకొండ నుండి డిండి మీదుగా శ్రీశైలం రహదారికి చేరి, అక్కడ నుండి మన్ననూరు ఘాటు ఎక్కాము.

నల్లమలను ఎరుగని చదువరుల కోసం రెండు ముక్కలు. కృష్ణానదికి ఇరువైపులా పరచుకొన్న ఈ అడవిని 1983లో నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యంగా ప్రకటించారు. 2014లో రాష్ట్రం వేరుపడిన పిమ్మట, తెలంగాణ వైపు భాగం 2015లో అమ్రాబాద్ పులుల అభయారణ్యమయింది. విస్తీర్ణం 2,611 చదరపు కిలోమీటర్లు. అది నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాలలో ఉన్నది. 2016లో జిల్లాలు విడగొట్టే వరకు ఆ నాగర్‌కర్నూల్ వైపంతా మా పాత మహబూబ్‌నగరే. ఈ అడవి లోపల మనబోటివాళ్లు ఇష్టం వచ్చినట్లు బండ్లు నడపరాదు, గుడారాలు వేయరాదు. జాతర రోజులలో మాత్రం ఫరహాబాద్ గేటు దగ్గర రుసుము కట్టించుకొని, పగటిపూట నిర్ణయించిన బాటలో వాహనాలను పోనిస్తారు. అందుచేత మా గుడారాలు అడవిలో లేవు. మన్ననూరు దాపున మెకానిక్కు శిష్యుని బంధువుల మామిడితోటలో ఉన్నాయి. ఏప్రిల్ నెల అడవి అగ్గిపుల్ల కోసం కాచుకొని ఉంటుంది కనుక, తోటలో కూడా కట్టెల మంట వేయవద్దని ముందే అనుకున్నాము. వంట గ్యాసు పొయ్యి మీదనే.

మరునాడు తెల్లవారుజామున గేటు చేరాము. ఫరహాబాద్ అన్నది నిజాము కాలపు పేరు. ఫరహ్ అంటే పారసీకంలో ఆనందం. నిజాములకు అక్కడ వేట విడిది ఉండేది. దాని దాపుననే పుల్లచెలమ అనే చెంచుల పెంట పేరు వినవస్తుంది. పెంట అంటే నవ్వకండి. మైదానాల తెలుగులో అది చెత్తకుప్ప. నల్లమలలో అది ఊరు. ఒకే మాట ఘాటు ఎక్కేసరికి గౌరవం సంపాదించుకొన్నది. ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రజ్ఞుడు క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమెండార్ఫ్ 1940లో ఈ చెంచుల మధ్య ఉండి వారి జీవితం గమనించి, 1943లో చెంచుల మీద పెద్ద గ్రంథం ప్రచురించారు. మేము వెళ్లిన దిక్కున ఉన్న రాంపూర్, అప్పాపూర్ అనే పెంటల పేర్లు అందులో ఉన్నాయి. ఎండాకాలానికి ఒకచోట, వానాకాలానికి ఒకచోట నివసిస్తూ, దుంపలు తవ్వుకొని, తేనె దించుకొని బ్రతికిన మనుషులు వారు. ఒకచోటి నుండి ఇంకొకచోటికి పోవాలంటే నడవాలి. నడిస్తే బాట పడుతుంది. ఇంత చిన్న విషయం నాకు ఆ రోజు మధ్యాహ్నం వరకు తట్టలేదు.

గేటు దాటిన కొంతసేపటికి బాట తన స్వభావం చూపించింది. భూగర్భశాస్త్రజ్ఞులు శ్రీశైలం క్వార్ట్‌జైట్ అని పిలిచే గట్టి రాయి అది. పలకలు పలకలుగా విరిగి, అంచులు కత్తుల్లా నిలిచి ఉంటుంది. మావాళ్లు చక్రాలలో గాలి కొంత తీసేశారు. గాలి తగ్గితే టైరు మెత్తబడి రాతిని పట్టుకొంటుందట. మరీ తగ్గితే పక్క చీలుతుందట. దిగుడులో బ్రేకు మీద కాలు పెట్టకుండా, మొదటి గేరులో ఇంజను బలంతోనే బండిని ఆపుకుంటూ దింపారు. ఒక బండి గట్టు దాటిన తరువాతనే రెండవది కదలాలి. ముందు ఒకడు దిగి, వెనక్కి నడుస్తూ, చేతులతో ఎడమ, కుడి చూపిస్తాడు. నడిపేవాడు దారిని చూడడు, ఆ చేతులను చూస్తాడు. గురువును నమ్మడం ఎట్లాగో తరగతి గదిలో ముప్పై ఏళ్లు చెప్పాను, అక్కడ కళ్లారా చూశాను. ఇరువైపులా మద్ది, ఏపి, తునికి, మోడువారిన వెదురు. అక్కడక్కడ ఇప్పచెట్ల కింద రాలిన పూల మత్తువాసన.

ఒక మలుపులో మూడవ బండి చక్రం రాతిపలక మీద వేలాడి నిలిచిపోయింది. బెంగళూరు శిష్యుడు ఉత్సాహంగా, ‘చూశారా సార్, ఇక్కడ అసలు దారే లేదు. ఆఫ్‌రోడ్ అంటే ఇదే!’ అన్నాడు.

మా వెనుక నుండి నడిచి వస్తున్న ఒక ముసలాయన ఆ మాట విన్నాడు. వెంట పన్నెండు పదమూడేళ్ల మనుమరాలు. ఆయన నెత్తిన చిన్న మూట. ఆగి, చక్రం కేసి చూసి, మూట దించాడు.

‘తోవ లేకపోవుడేంది బిడ్డా? నేను పెండ్లి చేసుకొని మా ఆమెను తోల్కొచ్చింది ఈ తోవనే. మా అత్తగారింటి తోవ ఇది’ అన్నాడు.

అని, రెండు రాళ్లు ఏరి చక్రం కింద దోపాడు. బండి దిగింది. మెకానిక్కు శిష్యుడు ఆయనను మామా అని పిలిచి, ఇద్దరినీ మా బండిలో ఎక్కించాడు. వాళ్లూ జాతరకే పోతున్నారు. అప్పటినుండి ఆ బాటకు వ్యాఖ్యానం మొదలయింది. ఫోనులోని పటంలో ఆకుపచ్చ మరక తప్ప ఏమీ లేని చోట, ఆయనకు ప్రతి మలుపూ ఒక ప్రకరణమే. ఈ బండ మీద ఎలుగుబంటి ఎదురైంది. ఆ చెట్టు తొర్రలో ఏటా తేనె పడుతుంది. ఈ మద్దిచెట్టు కింద మా రెండో పిల్ల పుట్టింది. మనుమరాలు కిసుక్కున నవ్వి, ‘అది మా అమ్మనే’ అంది.

ఇంకొంచెం ముందుకు పోయాక ఎండిన వాగు అడ్డం వచ్చింది. బాట దానిని ఒకచోట దాటి ఆవలి గట్టు ఎక్కుతుంది. ముందు బండిలోని కుర్రవాడు ఒకడు, బాట విడిచి వాగు ఇసుకలోనే కొంతదూరం పైకి నడిపి చూపిస్తాననీ, వీడియో తీయమనీ అన్నాడు. నిర్ణయించిన బాట తప్పడం నిషేధమని నేను అంటూనే ఉన్నాను, వాడు స్టీరింగు తిప్పుతూనే ఉన్నాడు. ముసలాయన దిగి, ఏమీ అనకుండా, ఆ ఇసుకలో పది అడుగులు నడిచి కూర్చున్నాడు. రెండు చేతులతో తవ్వాడు. మోచేతి లోతుకు తడి ఇసుక, ఆ కింద నీళ్లు ఊరాయి. చెలమ. పక్కనే జింక గిట్టల జాడలు.

‘ఇంకా రెండు నెలలు గీ నీళ్లే’ అన్నాడు. ‘మాకైనా, వాటికైనా. బండి ఎక్కితే కూలుతది.’

కుర్రవాడు బండిని వెనక్కి తీశాడు. ఎవరూ వాణ్ణి మందలించలేదు. వాడే దిగి వచ్చి, దోసిలితో ఆ నీళ్లు కొంచెం తాగి, ‘తియ్యగున్నయి తాతా’ అన్నాడు. నాకు అమరకోశం గుర్తుకు వచ్చింది. మావాళ్లకు అపథం అయినది ఆయనకు అత్తగారింటి తోవ. మావాళ్లకు ఖాళీ ఇసుక అయినది ఆయన వేసవి నీటికుండ. ఒక చోటిని దారి కానిది అని చెప్పాలంటే, ముందు అక్కడ ఎవరు నడుస్తున్నారో తెలుసుకొని ఉండాలి.

రాంపూర్ పెంట దాటాక బండ్లు నిలిపి, కాలినడకన లోయలోకి దిగాము. సలేశ్వరం రెండు కొండల నడుమ లోతైన చీలిక. పక్క కొండచరియ, పక్క అగాధం, మధ్య మనిషి వెడల్పు బాట. దిగేవాళ్లు ‘వస్తున్నాం లింగమయ్యా’ అని, ఎక్కేవాళ్లు ‘పోయొస్తాం లింగమయ్యా’ అని కేకలు వేస్తూ ఒకరినొకరు దాటుకుంటారు. భక్తి మాట అటుంచి, ఆ ఇరుకుదారిలో అవి ఎదుటివారికి హెచ్చరికలు కూడా. అడుగున కొండ మీది నుండి పడే జలధార, దాని కింద గుండం, గుహలో లింగమయ్య. పూజారులు చెంచులే. నీళ్లు తల మీద పడినప్పుడు నా వయసు కాసేపు నన్ను విడిచిపోయింది. ఎక్కేటప్పుడు వడ్డీతో సహా తిరిగి వచ్చింది.

సాయంత్రం గేటు మూయకముందే బయటపడ్డాము. ముసలాయన కూతురు, అంటే మద్దిచెట్టు కింద పుట్టిన ఆమె, మేము దిగిన తోటకు దగ్గరలోనే కూలిపని చేసుకుంటూ ఉంటున్నదట. తాతా మనుమరాలూ మాతోనే వచ్చారు. మన్ననూరు దగ్గర రాత్రి తొమ్మిది నుండి ఉదయం ఆరు వరకు శ్రీశైలం రహదారిని మూసివేస్తారు కనుక, ఆ తరువాత లారీల రొద ఆగిపోయి అడవి వినబడుతుంది. పౌర్ణమి వెన్నెల మామిడాకుల మధ్య నుండి గుడారాల మీద పడుతున్నది. అన్నాలయ్యాక ముసలాయన నా దగ్గరకు వచ్చి కూర్చున్నాడు.

‘నువ్వు పంతులువంట గద సారూ. ఇది జర చదువు’ అని మూటలో నుండి ప్లాస్టికు సంచిలో చుట్టిన ఒక కాగితం తీశాడు.

పులుల అభయారణ్యపు లోపలి భాగంలో ఉన్న పల్లెలను వెలుపలికి తరలించే పథకపు వివరాలు అవి. సార్లపల్లి, కుడిచింతలబైలు వంటి ఊళ్ల విషయంలో ఈ మాట కొన్నేళ్లుగా నడుస్తున్నదని పత్రికలు చదివేవారికి తెలిసినదే. కుటుంబానికి ఇచ్చే మొత్తాన్ని 2021లో 10 లక్షల నుండి 15 లక్షలకు పెంచారు. డబ్బు తీసుకొని ఎవరికి వారు పోవచ్చు, లేదా ఆ మొత్తంతో ప్రభుత్వమే భూమి, ఇల్లు చూపే పద్ధతి ఎంచుకోవచ్చు. 18 ఏళ్లు నిండిన కొడుకును వేరు కుటుంబంగా లెక్కిస్తారు. టార్చి వెలుగులో మొత్తం చదివి వినిపించాను. ఒక మాట దగ్గర ఆయన ఆపాడు.

‘స్వచ్ఛందం అంటే?’

నా ఉద్యోగమంతా మాటలకు అర్థాలు చెప్పడమే. కాని ఆ రాత్రి వలె ఏ మాట ముందూ తడబడలేదు. ‘ఛందం అంటే ఇష్టం, పెద్దాయనా. స్వచ్ఛందం అంటే తన ఇష్టం. నీవు ఇష్టపడితేనే అని.’

‘నేను వద్దంటే?’

‘వద్దంటే వద్దనే చట్టం చెబుతుంది’ అన్నాను. అది నిజమే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని 2006లో సవరించినప్పుడు, పులుల అభయారణ్యంలో నుండి తరలింపు స్వచ్ఛందంగానే జరగాలని, గ్రామసభకు అన్నీ తెలియజెప్పి సమ్మతి పొందాలని రాశారు. అదే సంవత్సరం వచ్చిన అటవీ హక్కుల చట్టం ప్రకారం, ముందు వారి హక్కులు తేల్చాలి, ఆ తరువాతనే తరలింపు మాట. ఇదంతా చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, అసలు ప్రశ్న వేశాడు.

‘చట్టం సంగతి సరే. పోతే మంచిదా, ఉంటే మంచిదా? నీ నోట చెప్పు.’

తొందరపడి ‘అడవి మీది, కదలవద్దు’ అనవచ్చు. పగలంతా ఆయన వెంట తిరిగిన పరవశంలో నా నాలుక చివర ఉన్నదీ అదే. అంతలో ఆయనే అన్నాడు. ‘మా ఆమెను తోల్కొచ్చింది ఆ తోవనే అంటి గద. జ్వరమొస్తే డోలి కట్టి మోసుకపోయింది గూడ ఆ తోవనే. దవాఖాన దాక రాలే. నడుమ తోవలనే పోయింది.’

మా శిష్యులు ఐదారుగురు అప్పటికే చుట్టూ చేరి ఉన్నారు. ఏ రాళ్లు మాకు పగలంతా వినోదమైనాయో, ఆ రాళ్లే ఒక ప్రాణం తీశాయని ఎవరూ ఎవరికీ విడమరచి చెప్పవలసిన పని లేకపోయింది. బెంగళూరు శిష్యుడు లేచి వెళ్లి తన బండి దగ్గర నిలబడ్డాడు.

మనుమరాలు ఆశ్రమ పాఠశాలలో చదువుతున్నది. ఆమె మాట వేరు. ‘బయటికి పోతేనే మంచిగుంటది తాతా. కరెంటు ఉంటది, బస్సు ఉంటది’ అన్నది. ముసలాయన కొడుకు కూడా పోదామనే అంటున్నాడట. ‘మైదానంల నాకు ఏం పని ఒస్తది? దుంప యాడుంటదో ఎరుక లేదు, తేనె యాడుంటదో ఎరుక లేదు. ఆడ నేను గుడ్డోణ్ణి’ అన్నది ముసలాయన వాదం. ఇద్దరి మాటలలోనూ సత్యం ఉన్నది. ఒకే ఇంట్లో ఒకరి ఛందం మరొకరి ఛందం కానప్పుడు, స్వచ్ఛందం అనే మాటలోని ‘స్వ’ ఎవరు? శబ్దార్థ చంద్రికలు దీనికి జవాబు చెప్పవు.

అందుచేత ఆయన అడిగిన జవాబు నేను ఇవ్వలేదు. పంతులు చేయగలిగిన పని వేరొకటి ఉన్నది. జవాబు తెలియనప్పుడు ప్రశ్నను సరిగా రాయడం. ‘గ్రామసభ పెట్టినప్పుడు నీవు ఏమేమి అడగాలో రాసుకో’ అన్నాను. ఆయనకు రాత రాదు. మనుమరాలు తన సంచిలో నుండి నోటుపుస్తకం తీసింది. నేను చెబుతుంటే ఆమె రాసింది. అక్షరాలు గుండ్రంగా, ఒత్తులు సరిగ్గా పడ్డాయి.

మొదటి ప్రశ్న: మా అటవీ హక్కుల లెక్క తేల్చిన తరువాతనే సమ్మతి అడుగుతారా, ముందే అడుగుతారా?

రెండవ ప్రశ్న: ఇస్తామన్న భూమిని మేము వెళ్లి చూసి, నీళ్లు ఉన్నాయో లేవో తవ్వి చూసుకొని, అప్పుడు సంతకం పెట్టవచ్చునా?

రెండవదానిలో ‘తవ్వి చూసుకొని’ అన్నది నేను చెప్పినది కాదు. ఆ పిల్ల తనంతట తాను చేర్చింది. దిద్దవలసిన అవసరం నాకు కనబడలేదు.

కాగితం మడవబోతుంటే ముసలాయన చేయి అడ్డం పెట్టాడు. తనది ఇంకొకటి ఉన్నదన్నాడు. చెప్పాక రాయనా వద్దా అన్నట్లు మనుమరాలు నా ముఖం చూసింది. రాయమన్నాను. తాత మాటలలోనే రాయమన్నాను. ఆమె రాసిన మూడవ ప్రశ్న ఇది.

‘మేము బయటికి పోయినంక, ఏటా లింగమయ్య కాడికి రావాలంటే, గేటు కాడ మాకు గూడ టికెట్ ఉంటదా?’